టైటానియం: నల్ల ఇసుక నుంచి తొడలో కమ్మీ దాకా

పాఠక మిత్రులకు మొదటనే ఒక మనవి. నేను వ్రాయబోయేది రసాయన శాస్త్ర వ్యాసమే అయినా, దీన్ని నా చేత వ్రాయించింది మా నాయన తొడ ఎముక. మాది ఒంగోలుకు బాగా పడమట, నల్లమల కొండల మొదట్లో, గిద్దలూరుకు దాపున ఉన్న రాచర్ల. మెట్ట సేద్యం. వాన మొగం చాటేసిన ఏడు మా వాళ్ళు మార్కాపురం వైపు పలకల గనుల్లోకి కూలికి పోతారు. అట్లా పోయిన మా నాయన మీదికి మూడేండ్ల కిందట ఒక బండ జారింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో తొడ ఎముక లోపల కమ్మీ వేశారు. స్టీలుదయితే ఒక రేటు, టైటానియందయితే ఇంకో రేటు అన్నారు. రెంటికీ తేడా ఏమిటో విడమరచి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. మా పెదనాయన "మంచిదే వేయండి సార్" అన్నాడు. రెండు పాడిబర్రెలు పోయినాయి.

ఇంటికి వచ్చాక మంచం మీద పడుకొని నాయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: "కాలేజీలో అదే గదరా నువ్వు చదివేది. ఏంది ఆ లోహం? ఇనుము కాదంటివి, వెండి కాదంటివి, బంగారమన్నా కాకపాయె. దానికి అంత ధరేంది? మనల్ని మోసం జేసినారా?"

నేనప్పుడు బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం. "టైటానియమును క్రోల్ పద్ధతి ద్వారా సంగ్రహించెదరు" అనే వాక్యం ఒకటి నాకు తెలుసు. రెండు మార్కులకు అది చాలు గాని, మా నాయనకు చాలదు. కనుక మిత్రులారా, ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

ఆ లోహం అరుదైనదేమో అని మొదట అనుకున్నాను. కాదు. భూపటలంలో ఉన్న మూలకాలను పరిమాణాన్ని బట్టి వరుసగా నిలబెడితే టైటానియం తొమ్మిదవది. లోహాలను మాత్రమే లెక్కిస్తే అల్యూమినియం, ఇనుము, మెగ్నీషియంల వంటి కొద్దిటి తరువాత దానిదే స్థానం. మన ఇళ్ళలో బిందెలకు వాడిన రాగికంటే దాదాపు నూరు రెట్లు ఎక్కువ ఉన్నది. మా ఊరి పిల్లలు నెమలిగుండ్ల రంగస్వామి తిరునాళ్ళకు పోయినప్పుడు గుండ్లకమ్మ ఇసుకలో పాత రేడియో స్పీకరు అయస్కాంతం పెట్టి ఆడుకుంటారు, నేనూ ఆడినాను. నల్లటి రేణువులు మీసాల మాదిరి అంటుకొని వస్తాయి. అట్లా ఎగిరి అంటుకొనేది ఎక్కువగా మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం. అంత గట్టిగా అంటుకోని నల్ల రేణువుల్లో సాధారణంగా ఇల్మనైట్ కూడా ఉంటుంది. ఇల్మనైటే టైటానియానికి ముఖ్యమైన ముడి ఖనిజం. ఇనుము, టైటానియం, ప్రాణవాయువు మూడూ కలిసిన పదార్థమది.

ఈ లోహం కథ మొదలైనది కూడా అయస్కాంతంతోనే. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు ఒక వాగు పక్కన దొరికిన నల్ల ఇసుకను పరీక్షించి, అందులో ఇనుముతోపాటు అదివరకెరుగని లోహపు భస్మం ఉన్నదని తేల్చాడు. 1795లో జర్మనీలో క్లాప్రోత్ అదే మూలకాన్ని రూటైల్ అనే ఖనిజంలో కనుగొని, గ్రీకు పురాణాల్లోని టైటన్ల పేరు పెట్టాడు. ఆ తరువాత? పేరు పెట్టిన బిడ్డ నడవటానికి వందేండ్లకు పైగా పట్టింది. 1910లో అమెరికాలో మాథ్యూ హంటర్ అనే ఆయన మొదటిసారి శుద్ధమైన టైటానియం లోహాన్ని కళ్ళచూశాడు. అంటే నూటపందొమ్మిది సంవత్సరాలు! ఖనిజం చేతిలో పెట్టుకొని అంతకాలం లోకం ఏం చేసినట్టు?

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. ఇనుము సంగతి చూడండి. ఇనుప రాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో పెట్టి తిత్తి ఊదితే, రాతిలోని ప్రాణవాయువును బొగ్గు పట్టుకొని పోతుంది, ఇనుము మిగులుతుంది. దీన్నే క్షయకరణం అంటాం. మన తెలుగువారికి ఇది తాతల నాటి విద్య. తెలంగాణాలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించిన ఉక్కును పారశీక దేశపు వర్తకులు వచ్చి కొనుక్కొని పోయేవారు. ఆ పద్ధతే టైటానియానికి వర్తింపజేస్తే ఏమవుతుంది? టైటానియం ప్రాణవాయువును అంత తేలిగ్గా వదలదు. బాగా వేడి పెంచి వదిలించామే అనుకోండి, వదిలించిన బొగ్గునే పట్టుకొని కార్బైడ్ అయి కూర్చుంటుంది. పోనీ గాలిలో కరిగిద్దామా అంటే గాలిలోని ప్రాణవాయువునూ పీల్చుకుంటుంది, నత్రజనినీ పీల్చుకుంటుంది. వేడెక్కిన టైటానియం నత్రజనిలో సైతం మండుతుంది. ఒకసారి లోహంలోకి చేరిన ప్రాణవాయువును మళ్ళీ బయటికి తీయడం మామూలు పద్ధతుల వల్ల కాదు. ఆ కాస్త చేరికకే లోహం పెళుసెక్కుతుంది. వైద్యానికి వాడే ఒక రకం మిశ్రలోహంలో ప్రాణవాయువు నూటికి 0.13 పాళ్ళకు మించరాదని నియమం. కాబట్టి ఈ విద్య మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ప్రాణవాయువును మొదటే తరిమెయ్యాలి, చివరిదాకా మళ్ళీ గడప తొక్కనీయకూడదు.

ఇక పని క్రమం. మన రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం, భావనపాడు తీరాల్లోనూ, విశాఖ దాపున భీమునిపట్నం తీరంలోనూ ఈ నల్ల ఇసుక ఉన్నది. ఇటువంటి నిక్షేపాలను వెదకి లెక్కగట్టే అణు ఖనిజాల సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాదు బేగంపేటలోనే ఉన్నది. ఇసుకలో ఇల్మనైట్ ఒక్కటే ఉండదు. రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ అన్నీ కలగలుపుగా ఉంటాయి. మోనజైట్‌లో థోరియం ఉండటం చేతనే ఈ ఇసుక మీద ప్రభుత్వానికి అంత కన్ను. 2019లో కేంద్రం ఈ తవ్వకాలను ప్రైవేటు వారికి లేకుండా చేసింది. తీరం కోసుకుపోతుందనీ, వేట చెడిపోతుందనీ మత్స్యకారుల అభ్యంతరం వేరే ఉన్నది. దాన్ని తీసిపారెయ్యడం నాకు చేతకాదు, బండ కింద పడ్డవాడి కొడుకును గదా.

ఇసుకను వేరు చేసే పద్ధతి మాత్రం మన ఆడవాళ్ళు చేట చెరిగినట్టే. మామూలు ఇసుక నీటికన్నా రెండున్నర రెట్లకు కాస్త పైన బరువు. ఇల్మనైట్ నాలుగున్నర రెట్లకు పైన. నీళ్ళతో కలిపి మరచుట్టు తొట్లలో జారవిడిస్తే తేలిక ఇసుక అంచుకు పోతుంది, బరువైనది లోపలి వైపు దిగుతుంది. తరువాత ఆరబెట్టి, అధిక వోల్టేజి విద్యుత్తు దగ్గరగా పంపుతారు. విద్యుత్తును ప్రసరింపనిచ్చే ఇల్మనైట్, రూటైల్ ఒక పక్కకు, ప్రసరింపనీయని జిర్కాన్, మోనజైట్ మరొక పక్కకు పోతాయి. పిమ్మట అయస్కాంతం పెడితే ఇల్మనైట్ అంటుకుంటుంది, రూటైల్ అంటుకోదు. మా స్పీకరు అయస్కాంతపు ఆటకు ఇది పెద్దన్న అన్నమాట.

ఇల్మనైట్‌లో సగానికి దగ్గరగా ఇనుప భాగం. దాన్ని వదిలించుకోవాలి. విద్యుత్ కొలిమిలో బొగ్గుతో కరిగిస్తే ఇనుము అడుగుకు దిగి, టైటానియం ఎక్కువగా ఉన్న చిట్టెం పైన తేలుతుంది. ఇనుము తయారీలో చిట్టెం పారవేసే సరుకు, ఇక్కడ చిట్టెమే లక్ష్మి. లేదా ఇల్మనైట్‌ను వేయించి, హైడ్రోక్లోరికామ్లంలో నానబెట్టి ఇనుమును కరిగించి తీసెయ్యవచ్చు. మిగిలేది నూటికి తొంభై పాళ్ళ దాకా టైటానియం డయాక్సైడ్. లోకంలో తవ్వే టైటానియం ఖనిజంలో నూటికి తొంభైకి పైగా ఇక్కడితో సరి. దాన్ని శుద్ధి చేసి తెల్ల రంగుపొడిగా గోడల రంగుల్లో, కాగితంలో, పళ్ళ పేస్టుల్లో కలుపుతారు. మా ఇంటికి ఒకప్పుడు సున్నం కొట్టేవాళ్ళం. ఇప్పుడు డబ్బా రంగు వేస్తున్నాం. గోడల మీద ఉన్నది కూడా టైటానియమే అని నాయనకు తెలీదు. లోహంగా మారేది ఆ మిగిలిన కొద్దిపాటి వాటాయే.

ఇప్పుడు ప్రాణవాయువును తరిమే ఘట్టం. సూటిగా వదలని పట్టును దొడ్డిదారిన వదిలించాలి. టైటానియం డయాక్సైడ్ పొడిని పెట్రోలియం కోక్ పొడితో కలిపి, 900 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన వేడిచేసి, కింద నుంచి క్లోరిన్ వాయువును ఊదుతారు. కుండలో మరమరాలు ఎగిరినట్టు ఆ పొడి గాలిలో ఆడుతుంటుంది. బొగ్గు ప్రాణవాయువును లాక్కుంటుంటే, ఖాళీ అయిన చోట క్లోరిన్ వచ్చి కూర్చుంటుంది. ఈ పని బొగ్గు ఒంటరిగా చేయలేదు, క్లోరిన్ ఒంటరిగా చేయలేదు. ఇద్దరూ చెరొక పక్క పట్టాలి. బయటికి వచ్చే ఆవిరి టైటానియం టెట్రాక్లోరైడ్. చల్లారిస్తే నీళ్ళవంటి ద్రవం. 136 డిగ్రీల వద్ద మరుగుతుంది.

ఈ ద్రవాన్ని నేను ఒకసారి చూశాను. ల్యాబులో మా మాస్టారు చిన్న సీసా మూత తీసీ తీయగానే దట్టమైన తెల్లని పొగ లేచింది. అది గాలిలోని తేమతో కలిసి ఆమ్లమూ, తెల్లని భస్మమూ అవుతుంది. యుద్ధాల్లో ఓడలను దాచే పొగతెరకు దీన్ని వాడారట. మూత బిగించి కిటికీలు తెరిచినా గంటసేపు మా గొంతుల్లో కారం పోలేదు. నాయన కాలులో ఉన్నది ఒకనాడు ఇట్లా పొగలు కక్కిందే గదా అనిపించింది ఆ రోజు.

ద్రవం అయినందువల్ల గొప్ప లాభం ఒకటుంది. ద్రవాన్ని స్వేదనం చేయవచ్చు, అంటే సారా కాచినట్టు ఆవిరి పట్టి శుద్ధి చేయవచ్చు. రాతిని అట్లా చేయలేం. ఇనుప క్లోరైడు, సిలికాన్ క్లోరైడు వేరువేరు వేడిమిల దగ్గర విడిపోతాయి. వెనేడియం ఒక్కటే మొండికేస్తుంది. దాని ఆక్సీక్లోరైడు 127 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 136కూ 127కూ నడుమ ఎడం చాలదు. అందుకని రాగితోనో, నూనెలతోనో చర్య జరిపి వెనేడియాన్ని ముందు గట్టిపరచి, పిమ్మట స్వేదనం చేస్తారు. ఇంత కష్టపడి తీసేసిన వెనేడియాన్నే ఆఖరున లెక్కగట్టి మళ్ళీ కలుపుతారు. ఆ విషయం ముందు వస్తుంది.

క్రోల్ గారి పేరు ఇక్కడ చెప్పుకోవాలి. విలియం క్రోల్ లగ్జెంబర్గ్ దేశస్థుడు. హంటర్ సోడియంతో చేసిన పనిని ఈయన 1930లలో సొంత ప్రయోగశాలలో మెగ్నీషియంతో సాధించాడు. 1940లో యుద్ధం తరుముకురాగా అమెరికా చేరి, తరువాత అక్కడి ప్రభుత్వ గనుల శాఖలో పనిచేశాడు. 1948లో డ్యుపాంట్ కంపెనీ ఈ లోహాన్ని వాణిజ్య సరుకుగా తయారుచేయనారంభించింది. నేటికీ లోకంలోని టైటానియంలో అత్యధిక భాగం ఈ పద్ధతిదే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2000లో కరిగిన కాల్షియం క్లోరైడులో విద్యుత్తు పంపి సూటిగా లోహం తీసే విధానం ప్రకటించారు గాని, క్రోల్‌ను అది గద్దె దించలేదు.

ఉక్కుతో చేసిన పెద్ద పాత్ర ఒకటి ఊహించుకోండి. గాలి అంతా తోడేసి, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపుతారు. అందులో మెగ్నీషియం కరిగి ఉంటుంది. వేడిమి 800 నుంచి 900 డిగ్రీల లోపల. పై నుంచి టైటానియం టెట్రాక్లోరైడును కొద్దికొద్దిగా వదులుతారు. మెగ్నీషియం క్లోరిన్‌ను లాక్కుంటుంది, టైటానియం విడిపోతుంది. చర్యలోనే బోలెడు వేడి పుడుతుంది కనుక ఆత్రపడి గబగబా పోస్తే పాత్రకే ముప్పు. మెగ్నీషియం క్లోరైడు ద్రవంగా ఉంటుంది గనుక అడుగు నుంచి అప్పుడప్పుడు తీసేస్తారు. టైటానియం కరగాలంటే 1668 డిగ్రీలు కావాలి. ఇక్కడ అంత వేడి లేదు. అందుచేత అది గట్టిగానే, కాని చిల్లులు చిల్లులుగా, స్పాంజి మాదిరి పేరుకుంటుంది. పేరు కూడా టైటానియం స్పాంజే. ఆ చిల్లుల్లో దాక్కున్న మెగ్నీషియాన్నీ, దాని ఉప్పునూ పోగొట్టడానికి పాత్రను మళ్ళీ వెయ్యి డిగ్రీల దాకా వేడిచేసి, శూన్యం కల్పించి రోజుల తరబడి ఆవిరి పట్టిస్తారు. ఆ మీద చల్లారేదాకా మూత తీయరాదు. వేడిగా ఉండగా గాలి తగిలితే పడ్డ పాటంతా బూడిద.

ధర రహస్యంలో పెద్ద భాగం ఇక్కడ ఉన్నది. ఇనుప కొలిమి ఒకసారి రాజేస్తే ఏండ్ల తరబడి ఆగకుండా నడుస్తుంది. పై నుంచి రాయి, కింద నుంచి ఇనుము. క్రోల్ పద్ధతి గారెలు వేసినట్టు వాయి వాయిగా నడవాలి. ఒక్కొక్క వాయికి రోజుల మీద రోజులు. మెగ్నీషియం క్లోరైడును విద్యుద్విశ్లేషణ చేస్తే మెగ్నీషియం, క్లోరిన్ రెండూ తిరిగివచ్చి మళ్ళీ పనికి ఎక్కుతాయి. అది మేలే, కాని దానికి కరెంటు ఖర్చు.

మన దేశంలో ఈ విద్యను పట్టుబట్టి నేర్చినది హైదరాబాదు కాంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, అనగా డి.ఎం.ఆర్.ఎల్. వారు నేర్చిన పద్ధతితో, అంతరిక్ష శాఖ సొమ్ముతో, కేరళలోని చవరలో సంవత్సరానికి 500 టన్నుల స్పాంజి కర్మాగారం 2011లో ప్రారంభమైనది. అంతవరకు ఇసుక మనది, స్పాంజి పరాయిది. దీని తోబుట్టువు జిర్కోనియంను కూడా మెగ్నీషియంతోనే తీస్తారు. 1971లో హైదరాబాదులో నెలకొన్న అణు ఇంధన సముదాయం ఆ పని చేసి చూపింది. విజ్ఞానయాత్రలో మేము కాంచన్‌బాగ్ రోడ్డున బస్సులో పోయినాం. లోపలికి అనుమతి లేదు. మా బృందంలో టైటానియానికి అందరికంటే దగ్గరగా పోయినవాణ్ణి నేనే, కిటికీ సీటు నాది గనుక.

ఆ రోడ్డునే ఉన్న మరొక సంస్థ మిశ్ర ధాతు నిగం, మిధాని. 1973లో స్థాపించారు. స్పాంజిని లోహపు దిమ్మెగా మార్చే పని ఇక్కడ జరుగుతుంది. స్పాంజిని చూర్ణించి, నూటికి ఆరు పాళ్ళ అల్యూమినియం, నాలుగు పాళ్ళ వెనేడియం కలిపి (తీసేసినది మళ్ళీ వచ్చింది చూశారా!) అణగబట్టి, అతికి పొడుగాటి స్తంభం చేస్తారు. దాన్ని శూన్యంలో వేలాడగట్టి విద్యుత్ చాపం వెలిగిస్తే బొట్టు బొట్టుగా కరిగి కింది మూసలో పడుతుంది. ఏ మూసలో? కరిగిన టైటానియం మట్టి మూసలో ఉండదు, మట్టిలోని ప్రాణవాయువును కూడా లాగేస్తుంది. అందుకని రాగి మూస వాడతారు. రాగి 1085 డిగ్రీలకే కరిగేది గదా అంటారేమో. మూస వెలుపల చన్నీళ్ళు నిరంతరం పారుతుంటాయి. తాకిన మరుక్షణం టైటానియం పలుచని పొరగా గడ్డకట్టి తనకు తానే మూస అవుతుంది. రాగికి చిల్లి పడి నీళ్ళు లోపలికి దూరితే మాత్రం పేలుడే. అందుచేత కొలిమిని మందపాటి గోడల చాటున పెట్టి దూరాన కూర్చొని నడుపుతారు. లోపల అంతా ఒకే తీరున కలవాలని రెండుసార్లు, కొన్ని పనులకు మూడుసార్లు కరిగిస్తారు. పిమ్మట సుత్తిదెబ్బలు, సాగదీత, కమ్మీలు.

ఇంత చదివాక నాకొక లెక్క వేయబుద్ధి పుట్టింది. నాయన ఆసుపత్రి కాగితాల్లో కమ్మీ కొలతలు ఉన్నాయి. పది మిల్లీమీటర్ల లావు, 38 సెంటీమీటర్ల పొడుగు, లోపల బోలు. బోలు నాలుగున్నర మిల్లీమీటర్లు అనుకుంటే బరువు నూట ఐదు గ్రాములకు అటూ ఇటూ. స్టీలుదయితే నూట ఎనభై దాటేది. మొత్తం టైటానియమే అనుకుందాం. పరమాణు భారాల ప్రకారం, నష్టాలు లేకుంటే, దానికి కావలసిన టెట్రాక్లోరైడు 416 గ్రాములు. మెగ్నీషియం 107 గ్రాములు, చిత్రంగా వచ్చే లోహమూ పెట్టే మెగ్నీషియమూ బరువులో ఇంచుమించు సమానం. ఇల్మనైట్ 333 గ్రాములు, అనగా మా ఊరి హోటలు టీగ్లాసుకు ఒక గ్లాసుడు నల్ల ఇసుక!

ఇక ధర. ఇటీవలి సంవత్సరాల్లో స్పాంజి ధర కిలో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా నడిచింది. ఇనుముతో పోలిస్తే ఎన్నో రెట్లు. వైద్యానికి పనికివచ్చే కమ్మీ సరుకయ్యేసరికి అది ఇంకా కొన్ని రెట్లు పెరుగుతుంది. పెరిగినా నూట ఐదు గ్రాములకు పడేది కొన్ని వందలు. అనగా, క్రోల్ గారినీ, ఆర్గాన్‌నూ, రాగి మూసనూ అందరినీ కలిపి లెక్క కట్టినా, మా బర్రెల్లో ఒకదాని పలుపుతాడు పాటి. మిగిలిన సొమ్ము కోతది, మెరుగుది, పరీక్షలది, ముద్రలది, నడుమ చేతులు మారినవారిది. టైటానియాన్ని కోయడం కష్టమే. వేడిని త్వరగా పోనీయదు గనుక కోసే పనిముట్టు మొన కాలిపోతుంది. అయినా ఆ కష్టం రెండు బర్రెలంత ఉంటుందని నేను నమ్మను. కృత్రిమ మోకీళ్ళ ధరలకు 2017లో కేంద్రం పరిమితి విధించిందంటే, ఈ వర్తకంలో లాభం ఏ పాటిదో వారికీ తెలిసే ఉండాలి. లోహాన్ని వెనకేసుకొని రావాలని మొదలుపెట్టిన నేను బిల్లును వెనకేసుకొని రాలేకపోయాను.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఇదంతా నాయనకు చెప్పినాను. టీగ్లాసు ముందు పెట్టి, ఇంత ఇసుక అని చూపించినాను. స్టీలు కమ్మీతోనూ ఎముక అతుక్కునేదే అనీ, ఇది స్టీలుకన్నా కాస్త వంగే గుణం కలది కనుక ఎముకకూ పని చెప్తుందనీ, పైన సన్నని భస్మపు పొర ఉండబట్టి ఒంట్లో తుప్పు పట్టదనీ చెప్పినాను. అంత భయపడి తరిమిన ప్రాణవాయువే పై పొరలో కాపలా కాస్తున్నదంటే నవ్వినాడు. బిల్లు సంగతీ దాచలేదు.

నాయన కాసేపు తొడ నిమురుకుంటూ ఊరుకున్నాడు. తరువాత అడిగినాడు: "ఎముక అతికినాక దీన్ని తీసేస్తారా?"

"ఇబ్బంది పెడితే తీస్తారు నాయనా. లేకుంటే అట్టే ఉంచుతారు."

"తీస్తే మనకిస్తారా, వాళ్ళే పెట్టుకుంటారా?"

అది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఈసారి గుంటూరు పోయినప్పుడు అడుగుతానని చెప్పినాను.